చిత్రావతి ఒడ్డున పడిన చినుకు సముద్రం చేరుతుందా?

మీ ప్రశ్న జాగ్రత్తగా చదివాను. ధర్మవరం దగ్గరి పల్లెలో మీకు వేరుశెనగ చేను ఉంది. ఏడో తరగతి చదివే మీ పాప పుస్తకంలో జలచక్రం బొమ్మ ఉంది. కొండ మీద వాన, కొండ కింద వాగు, వాగు కలిసిన నది, నది కలిసిన సముద్రం, సముద్రం మీద మళ్ళీ మబ్బు. ఆ బొమ్మ చూసి పాప, "మన చేలో పడిన వాన కూడా సముద్రానికి పోతుందా నాన్నా? ఎన్ని రోజులకు చేరుతుంది?" అని అడిగింది. మన వంకలో నీళ్ళు పారి మూడేళ్ళు దాటింది కదా, ఏమని చెప్పాలి అని మీరు నన్ను అడిగారు.

ముందు సూటిగా చెబుతాను. మీ చేలో పడిన వానలో ఎక్కువ భాగం నది ముఖమే చూడదు. వచ్చిన ఆకాశానికే తిరిగిపోతుంది. కొద్ది పాలు నేలలోకి దిగుతుంది. ఇంకొద్ది పాలు, అదీ గట్టి వానలు పడిన సంవత్సరంలో, వంక పట్టి చిత్రావతిలోకి, అక్కడి నుంచి పెన్నలోకి, నెల్లూరు దాటి ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలోకి పోతుంది. ఎన్ని రోజులంటే ఒక్క అంకె చెప్పడం కుదరదు. పక్కపక్కనే పడిన రెండు చినుకుల్లో ఒకటి వారం లోపే సముద్రంలో ఉండవచ్చు, రెండోది మీ పాప మనవరాళ్ళ కాలానికి కూడా మీ చేను కిందే ఉండవచ్చు. పుస్తకంలోని బొమ్మ తప్పు కాదు. ఏ బాణం ఎంత లావుండాలో అందులో లేదు, అంతే. మన నేలకు పైకి పోయే బాణం అన్నిటికన్నా లావుగా గీయాలి.

నేను ముప్ఫై ఏళ్ళకు పైగా అనంతపురం, కడప, కర్నూలు జిల్లాల్లో బావుల నీటిమట్టాలు కొలిచే ఉద్యోగం చేశాను. ఈ దారంతా ఒక్కొక్క మజిలీగా చెబుతాను. పాపకు చెప్పేటప్పుడు మీకు కావలసినంత తీసుకోండి.

గాలిలో ఎంత నీరుంటుందో చెబితే చాలామంది నమ్మరు. భూగోళం చుట్టూ ఉన్న ఆవిరంతా ఒక్కసారిగా నీరై కురిస్తే సగటున 25 మిల్లీమీటర్లు నిలుస్తుంది, అంటే ఒక్క అంగుళం. ప్రపంచం మొత్తం మీద ఏడాదికి కురిసే సగటు వాన సుమారు 1,000 మిల్లీమీటర్లు. అంటే ఆ అంగుళం నీరు ఏడాదిలో నలభై సార్లు నిండి నలభై సార్లు ఖాళీ కావాలి. 365ను 40తో భాగిస్తే తొమ్మిది రోజులు వస్తుంది. సముద్రం నుంచో చెట్టు ఆకు నుంచో లేచిన ఆవిరి సగటున తొమ్మిది రోజులు గాలిలో తిరిగి కిందికి దిగుతుంది. నీటి ప్రయాణం మొత్తంలో ఇంత తొందరగా ముగిసే మజిలీలు తక్కువ. ఈ లెక్క పాపతోనే చేయించండి, ఏడో తరగతి భాగహారం చాలు.

నైరుతి గాలి అరేబియా సముద్రం మీద మోసుకొచ్చిన నీటిలో పెద్ద వాటాను పడమటి కనుమల మీదే దించేస్తుంది. కర్ణాటకలోని అగుంబెలో ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. అదే గాలి కనుమలు దిగి మన వైపు వచ్చేసరికి వేడెక్కుతుంది, వేడెక్కిన గాలిలో మబ్బు నిలవక కరిగిపోతుంది. ఉమ్మడి అనంతపురం జిల్లాకు ఏడాది మొత్తానికి దక్కేది సుమారు 550 మిల్లీమీటర్లు. అందులోనూ ఆశ పెట్టుకోదగిన నెల సెప్టెంబరు. "ఉత్తర చూసి ఎత్తర గంప" అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఉత్తర కార్తె సెప్టెంబరు రెండో సగంలో వస్తుంది. అప్పటికీ వాన లేకపోతే గంప నెత్తిన పెట్టుకుని ఊరు విడవడమే అని దాని అర్థం. వాన అంకెలు పుస్తకాలకెక్కక ముందే ఏ నెల వాన కీలకమో రైతులు కనిపెట్టి, మాటలో కట్టి ఉంచారు. అక్టోబరు తర్వాత గాలి తిరిగి, బంగాళాఖాతం వాయుగుండాలు కడప వైపు ఎక్కువగా, మన వైపు కొంచెంగా వానలు తెస్తాయి.

ఇప్పుడు నేల మీదికి వద్దాం. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది సరిగ్గా ఒక లీటరు. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. 550 మిల్లీమీటర్ల ఏడాదిలో మీ ఒక్కో ఎకరం మీద పడే నీరు 22 లక్షల లీటర్లు, పదివేల లీటర్ల ట్యాంకర్లు 220. ఇంత నీరు పడే చోటును మనం కరువు సీమ అంటున్నాం. ఈ నీరంతా ఏమవుతుందో తెలుసుకుంటేనే మీ పాప ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

జూన్‌లో పడే మొదటి పెద్ద చినుకును చేలో మోకాళ్ళ మీద కూర్చుని చూడండి. అయిదు మిల్లీమీటర్ల చినుకు సెకనుకు తొమ్మిది మీటర్ల వేగంతో నేలను తాకుతుంది. ఎర్రమట్టి మీద చిన్న గుంట పడుతుంది, చుట్టూ మట్టి రేణువులు కిరీటంలా లేచి పడతాయి. పది నిమిషాలు అలా కొడితే సన్నని రేణువులు విడిపోయి మట్టి రంధ్రాల్లో దూరి పైన పలుచని పొర కడతాయి. వాన వెలిసి ఎండ రాగానే ఆ పొర పెచ్చులా లేస్తుంది. గోరుతో ఎత్తి చూస్తే మందం రూపాయి బిళ్ళ కంటే కొంచెం ఎక్కువ ఉంటుంది. ఆ పెచ్చు కిందికి నీటిని దిగనివ్వదు. అందుకే ఒక్కోసారి పెద్ద వాన పడినా, పాదంతో మట్టిని తోస్తే నాలుగు వేళ్ళ లోతున పొడి దుమ్మే ఉంటుంది. నీరు పైన జారిపోయింది, లోపలికి పోలేదు. అదే వాన చెత్త పరిచిన చోట, గడ్డి మొలిచిన గట్టు మీద పడితే దెబ్బ ఆకు మీద పడుతుంది, నీరు మెల్లగా దిగుతుంది.

మన రైతులు వానను మిల్లీమీటర్లలో కొలవరు, పదునులో, అంటే మట్టిలో తడి దిగిన లోతులో కొలుస్తారు. మడమతో మట్టి తోసి, వేలు పెట్టి, జానెడు పదునైంది, మూరెడు పదునైంది అంటారు. నేను వానమాపకం పట్టుకుని ఊళ్ళు తిరిగిన తొలి రోజుల్లో ఈ మాట విలువ నాకు అర్థం కాలేదు. వానమాపకం ఎంత పడిందో చెబుతుంది. పదును ఎంత నిలిచిందో చెబుతుంది. రెండోదే అసలు కొలత అని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

కర్నూలు, నంద్యాల వైపు నల్లరేగడిలో కథ వేరు. వేసవిలో ఆ నేల చేయి దూరేంత బీటలు వారుతుంది. మొదటి వాన ఆ బీటల్లోంచి నేరుగా లోతుకు పోతుంది. తడిసేకొద్దీ మట్టి ఉబ్బి బీటలు మూసుకుంటాయి, ఆ తర్వాత పడిన నీరు అంగుళం దిగడానికి కూడా ఆలస్యం చేస్తుంది. దిగిన నీటిని మాత్రం రేగడి గట్టిగా పట్టుకుంటుంది, అందుకే అక్కడ వానలు వెనకబడ్డాక కూడా శనగ పండుతుంది.

నేలలో నిలిచిన పదును మీద ముందుగా హక్కు ఎండది, తర్వాత వేరుది. వేరుశెనగ మొక్క వేరుతో పీల్చిన నీటిలో నూటికి తొంభై ఏడు పాళ్ళకు పైగా ఆకుల రంధ్రాల గుండా ఆవిరై పోతుంది. కాయలోనూ కొమ్మలోనూ నిలిచేది చాలా కొద్ది. ఇది వృథా అనుకోవద్దు. ఆ నీరు కదిలితేనే నేలలోని పోషకాలు పైకి ఎక్కుతాయి, ఆకు చల్లబడుతుంది, పంట పండుతుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి పట్టే వేడి, అదే లీటరును గడ్డకట్టే చలి నుంచి మరిగేదాకా కాచడానికి పట్టే వేడికి అయిదింతలకు పైగా ఉంటుంది. ఆ వేడినంతా చుట్టూ ఉన్న గాలి నుంచి, ఎండ నుంచి తీసుకుంటుంది. మీ ఇంట్లో మట్టికుండ నీటిని చల్లబరిచేదీ, వేపచెట్టు నీడ రేకుల పందిరి నీడకన్నా చల్లగా ఉండేదీ ఇందువల్లే.

మన ఎండలో ఆకాశానికి ఎంత దాహం ఉందంటే, ఏడాది పొడవునా నీరు అందిస్తూ పోతే మనకు పడే వానకు మూడింతలకు తక్కువ కాకుండా తాగుతుంది. అందుకే 22 లక్షల లీటర్లలో అధిక భాగం ఈ దారినే పోతుంది. అలా పోయిన నీరు తొమ్మిది రోజుల్లో ఎక్కడో మళ్ళీ వానవుతుంది. అది కృష్ణాజిల్లా వరి మీద పడవచ్చు, సముద్రం మీదే పడవచ్చు. మీ పాపతో చెప్పండి: మన చేలోని నీరు సముద్రం చేరే దారుల్లో గాలి దారి కూడా ఒకటి, నది దారికన్నా అది రద్దీ ఎక్కువగా ఉండే దారి.

వేర్లకు అందకుండా ఇంకా కిందికి జారిన నీటితోనే నా ఉద్యోగమంతా గడిచింది. ధర్మవరం చుట్టుపక్కల అడుగున ఉన్నది గ్రానైటు, నైస్ జాతికి చెందిన పురాతన గట్టిశిల. ఆ శిల పై భాగం లక్షల ఏళ్ళ ఎండకూ వానకూ చివికి మెత్తబడింది. బావులు తవ్వేవాళ్ళకు ఇది బాగా తెలుసు: పైన ఎర్రమట్టి, తర్వాత గరప, తర్వాత గడ్డపారకు లొంగే మెత్తరాయి, చివరికి మందు పెట్టి పేల్చవలసిన గట్టిరాయి. మెత్తరాయి మందం కొన్ని చోట్ల ముప్ఫై అడుగులుంటుంది, కొన్ని చోట్ల అరవై దాటుతుంది. మన నీటి గాదె అదే. దాని కింద గట్టిరాయిలో నీరు ఉండేది చీలికల్లో మాత్రమే.

ఇలాంటి రాతి నేలల్లో పడిన వానలో నూటికి ఎనిమిది నుంచి పదకొండు పాళ్ళు భూగర్భానికి చేరుతుందని లెక్క కట్టే పద్ధతి మన దేశంలో చాలా కాలంగా ఉంది. బంకమట్టి ఎక్కువుంటే ఎనిమిది, తక్కువుంటే పదకొండు. చీలికలు లేని బండ అయితే ఒక్క పాలే. మధ్యస్థంగా పది అనుకోండి. 550లో 55 మిల్లీమీటర్లు. మీ ఎకరం కిందికి ఏడాదికి చేరే నీరు అంతే. దీని పక్కన ఒక అంకె పెట్టి చూడండి. ఒక పంట వరికి కావలసిన నీరు సుమారు 1,200 మిల్లీమీటర్లు. అంటే బోరు కింద ఒక ఎకరం వరి పెడితే, ఇరవై ఎకరాలకు పైగా నేల ఏడాదంతా ఇంకించుకున్న నీరు దానికి పోయినట్టే. మీ ఊళ్ళో బోర్లు ఎందుకు ఎండాయని ఎవరైనా అడిగితే నేను ముందుగా చూపించే లెక్క ఇది.

నేలలోకి దిగిన నీరు అక్కడే నిలబడి ఉండదు, నడుస్తుంది. ఫ్రాన్సులోని దిజాన్ పట్టణానికి తాగునీరు తెచ్చిన ఇంజినీరు హెన్రీ దార్సీ 1856లో ఇసుక నింపిన గొట్టాల్లో నీరు ఎంత వేగంగా నడుస్తుందో కొలిచి సూత్రం కట్టాడు. మట్టం వాలు ఎంత ఎక్కువైతే, ఇసుక ఎంత బరకగా ఉంటే, నీరు అంత వేగం. ఆ సూత్రం ప్రకారం మన మెత్తరాయిలో నీరు ఏడాదికి కొన్ని మీటర్ల నుంచి కొన్ని పదుల మీటర్లు నడుస్తుంది. మీ చేను నుంచి కిలోమీటరు దూరంలోని వంకలో ఊటగా తేలడానికి ఒక తరమో రెండు తరాలో పట్టవచ్చు. "నీరు పల్లమెరుగు" అన్న సామెత భూమి లోపల కూడా నిజమే, అక్కడ నడక మాత్రం చాలా నిదానం.

ఎనిమిది వందల అడుగులు, వెయ్యి అడుగులు వేసిన బోర్లలో తగిలే నీరు చాలాచోట్ల ఇంకా పాతది. ఆ నీటి వయసు కట్టడానికి ఒక ఉపాయం ఉంది. 1950లలో, 60లలో అణుబాంబుల పరీక్షల వల్ల ట్రిటియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్ ప్రపంచమంతా వానలో కలిసింది. దాని అర్ధాయువు 12.3 ఏళ్ళు, అంటే అన్నేళ్ళకోసారి అది సగమవుతుంది. నీటిలో ట్రిటియం జాడ అసలే లేకపోతే ఆ నీరు ఆ పరీక్షలకు ముందే నేలలోకి దిగినదని అర్థం. పాత నీటికి ఇంకో గుర్తు నాలుక మీదే తెలుస్తుంది. రాతితో ఎంత ఎక్కువ కాలం కలిసి ఉంటే అన్ని లవణాలు కరుగుతాయి. మన శిలల్లో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ఉన్నాయి. అందుకే లోతు బోర్ల నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటి, పిల్లల పళ్ళ మీద గార పట్టిన ఊళ్ళను ఎన్నో చూశాను. కొత్త వాననీరు తగినంత దిగే బావుల్లో ఆ సమస్య తక్కువ. పాపకు తాగించే నీటిని ఒక్కసారైనా పరీక్ష చేయించండి, ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఇదే నీరు కర్నూలు, కడప వైపు సున్నపురాతిలోకి దిగితే పూర్తిగా మరో కథ. గాలిలోనూ మట్టిలోనూ ఉన్న బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) కరిగి వాననీరు కొంచెం పులుపెక్కుతుంది. ఆ పులుపు సున్నపురాయిని కరిగిస్తుంది. చీలిక సందవుతుంది, సందు సొరంగమవుతుంది. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు అలా ఏర్పడ్డవే. ఇప్పటికి కనుగొన్న పొడవు 3,229 మీటర్లు. అందులో అన్నిటికన్నా లోతైన చోట పాతాళగంగ అనే చిన్న పాయ కనిపిస్తుంది, కొంత దూరం పారి మళ్ళీ నేలలోకి మాయమవుతుంది. పాపను ఒకసారి అక్కడికి తీసుకువెళ్ళండి. భూమి లోపల నీరు నడవడం కళ్ళారా చూడగలిగే చోట్లు మనకు ఎక్కువ లేవు. మహానంది కోనేటిలో ఏడాది పొడవునా ఉబికే ఊట కూడా నల్లమల మీద ఎప్పుడో ఇంకిన వానే. కింద రాతి పొరలు దారి చూపితే తేలిన నీరు అది.

భూమి మీద ఉబికే ఊటలూ, నదులూ అన్నీ సముద్రం నుంచే నేల లోపలి దారుల్లో వస్తాయని ఐరోపాలో చాలా కాలం నమ్మారు. 1674లో పియర్ పెర్రో అనే ఫ్రెంచివాడు సెన్ నది ఎగువ భాగంలో పడే వానను, నదిలో పారే నీటిని లెక్క కట్టి, పడే వాన పారే నీటికి ఆరింతలుందని చూపించాడు. నదులకు వాన చాలు, పైగా బోలెడు మిగులుతుంది అని తేలింది. ఆ మిగిలిన పాళ్ళు ఎక్కడికి పోయాయో పైన చెప్పాను.

ఇక జారిపోయిన నీటి సంగతి. మీ చేను గట్టు దాటిన నీరు వంక పట్టి చెరువు చేరుతుంది. చెరువు నిండితే మరవ (అలుగు) పారి కింది ఊరి చెరువుకు పోతుంది. చిత్రావతి మీది బుక్కపట్నం చెరువు నుంచి మీ ధర్మవరం చెరువు దాకా ఇదే వరస. చెరువును సాగునీటి తొట్టిగానే చూడడం సగం చూపు. జారిపోయే నీటిని పట్టి, నాలుగు నెలలు నిలిపి, కింద ఇంకించే పని కూడా అది చేస్తుంది. కట్ట కింద బావుల్లో ఏప్రిల్ దాకా నీళ్ళుండడం మీకు తెలిసినదే. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు ఆ చెరువు కట్టించాడు. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు రెండేళ్ళు పని చేశాయని అందులో చెక్కారు. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు చెప్పారు, వాటిలో జలశాస్త్రం తెలిసిన మనిషి ఒకటి. ఆరు దోషాలూ చెప్పారు. వచ్చే నీరు తక్కువై సాగు చేసే నేల ఎక్కువ కావడం ఆ దోషాల్లో ఒకటి. ఆరు వందల యాభై ఏళ్ళ కిందట రాతి మీద చెక్కిన ఆ మాటను మన బోర్ల దగ్గర చదివి వినిపించాలనిపిస్తుంది నాకు.

చెరువులన్నీ నిండి మరవలు పారిన ఏడాది నీరు చిత్రావతి పడుతుంది. చిత్రావతి నంది కొండల వైపు నుంచి వచ్చి, పుట్టపర్తి, ధర్మవరం మీదుగా పోయి, పార్నపల్లె జలాశయం దాటి గండికోట దగ్గర పెన్నలో కలుస్తుంది. పెన్నది కూడా నంది కొండల పుట్టుకే. హిందూపురం దగ్గర మన రాష్ట్రంలోకి అడుగుపెట్టి, ముందు ఉత్తరానికి పోయి, తర్వాత తూర్పుకు తిరిగి తాడిపత్రి మీదుగా గండికోట చేరుతుంది. అక్కడ ఎర్రమల కొండల గట్టిరాతిని నిలువునా కోసి పోయింది. నది కొండను తెంచిన చోటును మన భాషలో గండి అంటారు. ఊరి పేరులోనే భూగోళ శాస్త్రం ఉంది. వేంపల్లె దగ్గర పాపాఘ్ని పాలకొండలను కోసిన చోటు పేరు కూడా గండే. తర్వాత మైలవరం, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు. కమలాపురం దగ్గర ఉత్తరం నుంచి కుందూ, దక్షిణం నుంచి పాపాఘ్ని వచ్చి కలుస్తాయి. ఇంకా కిందికి పోతే చెయ్యేరు, సగిలేరు. ఆ తర్వాత సోమశిల, నెల్లూరు, ఊటుకూరు. మొత్తం 597 కిలోమీటర్లు.

రోజుల లెక్క ఇప్పుడు చెప్పగలను. వరద నీరు సెకనుకు ఒక మీటరు చొప్పున నడిచినా రోజుకు 86 కిలోమీటర్లు. నంది కొండల నుంచి సముద్రం దాకా ఆగకుండా పోతే వారం రోజులు. ధర్మవరం నుంచి అయితే ఒకటి రెండు రోజులు తక్కువ. ఇది అడ్డంకి లేని నీటి మాట. దారిలో పార్నపల్లె, గండికోట, మైలవరం, సోమశిల ఉన్నాయి. జలాశయంలో చేరిన నీరు నెలలు ఆగుతుంది. కొంత కాలువల్లో చేలకు పోతుంది, కొంత అక్కడే ఆవిరవుతుంది. మధ్యస్థంగా వానలున్న ఏడాది మీ చిత్రావతి నీరు సోమశిల మొహం చూడడమే కష్టం. ఒక్కోసారి మాత్రం అంతా ఒకేసారి వస్తుంది. 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరు మీది అన్నమయ్య జలాశయం కట్ట తెగింది. కొండల మీద రాత్రి పడిన వాన తెల్లవారేసరికి ఊళ్ళ మీద పడింది. ఏడాదిలో ముప్పాతిక భాగం ఇసుకగా కనిపించే ఏరు మనుషులను తీసుకుపోయింది. ఎండిన ఏటి గర్భంలో ఇల్లు కట్టుకోవద్దని నేను వెళ్ళిన ప్రతి ఊళ్ళో చెప్పేవాణ్ణి, మీకూ చెబుతున్నాను.

ఎండిన పెన్న నిజానికి పూర్తిగా ఎండదు. బరక ఇసుకలో మూడో వంతు దాకా ఖాళీయే, అందులో నీరు ఉంటుంది, మెల్లగా కిందికి నడుస్తూ ఉంటుంది. ఒకసారి మే నెల మధ్యాహ్నం పెన్న ఇసుకలో ఒక ముసలమ్మ చెలమ తీయడం చూశాను. రెండు చేతులతో మోచేయి లోతు తోడింది. ముందు ఇసుక రంగు మారింది, తర్వాత గోడలు చెమర్చాయి, తర్వాత అడుగున కొబ్బరి చిప్పెడు నీరు చేరింది. మొదటి చిప్ప మురికిగా ఉందని పారబోసింది. రెండోది కూడా పారబోసింది. మూడో చిప్పలో అడుగున ఇసుక రేణువులు లెక్కపెట్టవచ్చు, అంత తేటగా ఉంది. బిందె నిండడానికి అరగంట పట్టింది. ఆ చెలమలోకి వచ్చిన నీరు ఎగువ చేలల్లో ఎప్పుడో ఇంకి, మెత్తరాయిలో నడిచి, ఏటి ఇసుకలోకి ఊరినది. ఇసుక తోడేసి బండ తేల్చిన చోట్ల ఆ నీరు ఉండదు. ఒడ్డున ఉన్న బావుల మట్టం కూడా పడిపోతుంది. ఇది నేను కొలిచి చూసిన విషయం.

వాన పడిన చోటును బట్టి నది మారుతుందని కూడా పాపకు చెప్పండి. మీ ధర్మవరం వాన పెన్నది. రాయదుర్గం వైపు పడిన వాన హగరిలోకి, అంటే వేదవతిలోకి పోయి, తుంగభద్రలో కలిసి, కర్నూలు చేరుతుంది. అక్కడ హంద్రీ కలుస్తుంది. సంగమేశ్వరం దగ్గర కృష్ణలో పడి శ్రీశైలం మీదుగా పోతుంది. రెండు చేల మధ్య ఉన్న చిన్న మిట్ట రెండు నదుల వాటాలు పంచుతుంది. ఈ హద్దును మనిషి కాలువలతో దాటాడు. 1860లలో మొదలైన కర్నూలు-కడప కాలువ తుంగభద్ర నీటిని సుంకేసుల నుంచి పెన్న పరీవాహకంలోకి తెచ్చింది. తుంగభద్ర ఎగువ కాలువ అనంతపురానికి తెచ్చింది. హంద్రీ-నీవా శ్రీశైలం నీటిని ఎత్తిపోసి జీడిపల్లికి తెస్తుంది. తెలుగుగంగ కృష్ణ నీటిని సోమశిల, కండలేరుల మీదుగా చెన్నై దాకా తీసుకుపోతుంది. మహారాష్ట్రలో మహాబలేశ్వరం కొండ మీద పడిన చినుకు ఈ రోజు మీ జిల్లాలో వేరుశెనగకు తడి కావచ్చు. పుస్తకంలోని బొమ్మలో ఈ బాణాలు ఉండవు, కానీ మన ప్రాంతంలో ఇవి లేకుండా జలచక్రం గీయలేం.

ఊటుకూరు దగ్గర నీరు సముద్రంలో కలిసిన వెంటనే అడుగుకు పోదు. మంచినీరు తేలిక కాబట్టి ఉప్పునీటి మీద కొంత దూరం పలుచగా తేలుతూ పోతుంది. పైనున్న చినుకు మరుసటి రోజే ఎండకు ఆవిరి కావచ్చు. లోతుకు దిగినది చాలా కాలం తిరిగి రాదు. సముద్రం సగటు లోతు సుమారు 3,700 మీటర్లు, ఏడాదికి ఆవిరయ్యేది సుమారు 1.2 మీటర్లు. భాగిస్తే మూడు వేల ఏళ్ళు. గాలిలో తొమ్మిది రోజులు, నదిలో వారం, మెత్తరాయిలో ఒక తరం, సముద్రంలో మూడు వేల ఏళ్ళు. పాప అడిగిన "ఎన్ని రోజులు" అన్న ప్రశ్నకు నా దగ్గరున్న జవాబు ఈ నాలుగు అంకెలు.

ఒక పని చేయించండి. మీ చేనులో పాత దిగుడుబావి ఉందని రాశారు. అందులో మోటారు ఆపి ఒక రాత్రి గడిచాక, పొద్దున్నే పొడవాటి తాడుకు రాయి కట్టి, చివరి రెండు గజాలకు సుద్దముక్క రుద్ది దించండి. మేము ఇనుప టేపుకు సుద్ద పూసి ఇలాగే కొలిచేవాళ్ళం. తడిసిన చోట సుద్ద రంగు నల్లబడుతుంది, గట్టు నుంచి అక్కడికి దూరం కొలిస్తే నీటిమట్టం వస్తుంది. మే నెలాఖరున ఒకసారి, హస్త కార్తె దాటాక ఒకసారి కొలిచి పాప నోటుపుస్తకంలో రాయించండి. ఒక నిలువు గోడల డబ్బాలో ఆ మధ్య పడిన ప్రతి వానా స్కేలుతో కొలిచి పక్కనే రాయించండి. మన మెత్తరాయిలో నీరు పట్టే ఖాళీ నూటికి ఒకటిన్నర నుంచి మూడు పాళ్ళే. అందువల్ల మట్టం ఒక మీటరు పెరిగితే నిజంగా చేరిన నీరు 15 నుంచి 30 మిల్లీమీటర్లు. ఆ అంకెను డబ్బాలో కొలిచిన వానతో పోల్చితే, మీ చేను వానలో ఎంత పాలు నేలలోకి దిగిందో తెలుస్తుంది. ఆ రెండు మట్టాలూ, వాన మొత్తమూ నాకు రాసి పంపండి. పంపేటప్పుడు బావి చుట్టూ ఎన్ని బోర్లు నడుస్తున్నాయో కూడా రాయండి, అది తెలియకుండా లెక్క సరిగా రాదు.